విదేశీ ఫ్యాక్టరీతో మెషిన్ బేరం: మొదటి మెసేజ్ నుంచి మన షెడ్డులో దిగేదాకా

గుంటూరు, తెనాలి, మంగళగిరి వైపు కారప్పొడి, పచ్చళ్ల యూనిట్ల వాళ్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. “చైనా వాళ్లు కొటేషన్ పంపారండి. ముప్పై శాతం వేస్తే పని మొదలుపెడతామంటున్నారు. వేసేయమంటారా?”

దానికి ఫోన్లో అవుననీ కాదనీ చెప్పలేను. అప్పటికి మీ చేతిలో ఏ కాగితాలు ఉన్నాయో చూస్తే గానీ తెలియదు. ఆ కాగితాలేమిటో, ఏది ముందో, ఏ మాట దగ్గర గట్టిగా నిలబడాలో ఇక్కడ వరసగా రాస్తున్నాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఉండి ప్యాకింగ్ మెషిన్లు, వాటి స్పేర్లు తెప్పిస్తాను. అందుకే ఉదాహరణలన్నీ కారప్పొడి పౌచ్ మెషిన్ చుట్టూ తిరుగుతాయి. మీరు తెప్పించేది కలర్ సార్టర్ (రంగు చూసి గింజలు ఏరే మెషిన్) అయినా, బేరింగులైనా వరస ఇదే.

ఒక్క సంగతి మొదట్లోనే మనసులో పెట్టుకోండి. మీరు ఇంకా కట్టని డబ్బే మీ బలం. మొత్తం కట్టేశాక ఎంత మంచి కాంట్రాక్టు ఉన్నా, అవతలివాళ్లు ఫోన్ ఎత్తితేనే పని జరుగుతుంది.

1. ధర అడగకముందు ఒక పేజీ స్పెసిఫికేషన్ రాయండి

“కారం ప్యాకింగ్ మెషిన్ ఎంత?” అని అడిగితే, వాళ్ల దగ్గరున్న అన్నిటికంటే చవక మెషిన్ ధర వస్తుంది. ఆ ధర మీ మనసులో పాతుకుపోతుంది. తర్వాత ఏది అడిగినా “రేటు పెంచుతున్నారు” అనిపిస్తుంది. అందుకని ముందు కాగితం, తర్వాతే ధర.

నా మొదటి మెషిన్‌కు నేను “స్టెయిన్‌లెస్ స్టీల్” అని మాత్రమే రాశాను. గుంటూరులో ఒక యూనిట్‌కు ఇచ్చాం. ఉప్పు కలిపిన పొడులు కూడా అందులోనే పట్టేవారు. ఒక్క వర్షాకాలం తిరిగేసరికి హాపర్ (పొడి పోసే తొట్టి) లోపల, వెల్డింగ్ పక్కన గోధుమరంగు చుక్కలు వచ్చాయి. ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ చేసే అతను షీటు గ్రేడు చూసే ద్రావణం ఒక చుక్క వేసి, చిన్న బ్యాటరీ ఆనించాడు. చుక్క ఎర్రబడింది. “ఇది 304 కాదు సార్, 201” అన్నాడు. ఫ్యాక్టరీని అడిగితే, “మీరు స్టెయిన్‌లెస్ అన్నారు, మేం స్టెయిన్‌లెస్సే ఇచ్చాం” అని జవాబు వచ్చింది. వాళ్లు చెప్పింది నిజమే, 201 కూడా స్టెయిన్‌లెస్సే, కాకపోతే తుప్పును తక్కువ తట్టుకునే చవక గ్రేడు. కొత్త హాపర్, ఆగర్ (పొడిని కిందికి తోసే స్క్రూ) సొంత డబ్బుతో చేయించాను. అయస్కాంతం పెట్టి చూస్తే ఈ తేడా తెలియదు, దాన్ని నమ్ముకోకండి.

పౌచ్ మెషిన్ అయితే ఆ పేజీలో ఇవి ఉండాలి:

- పొడి తగిలే ప్రతి భాగం 304 గ్రేడు. షీటుకు మిల్లు టెస్ట్ సర్టిఫికెట్, అంటే షీటు తయారుచేసిన మిల్లు ఇచ్చే పరీక్ష కాగితం.
- నింపే పదార్థం: కారప్పొడి. ఎంత మెత్తన, తేమ ఎంత శాతం. మన కారం తేలికగా ఎగురుతుంది. సీలు పడే చోట దుమ్ము చేరితే ప్యాకెట్ లీకవుతుంది, కాబట్టి దుమ్ము లాగే ఏర్పాటు ఉండాలి.
- పౌచ్ కొలత, ఫిల్మ్ రకం, మందం.
- వేగం. “నిమిషానికి 60 దాకా” అనే మాట పనికిరాదు. “100 గ్రాముల పౌచ్, నిమిషానికి 40, ఆగకుండా రెండు గంటలు” అని రాయండి.
- తూకంలో ఎన్ని గ్రాముల తేడా వరకు ఒప్పుకుంటారో.
- కరెంటు. చైనాలో త్రీ ఫేజ్ 380 వోల్టులు, మనది 415. హెర్ట్జ్ రెండు చోట్లా 50. మోటార్లు, ప్యానెల్ 415కు తగ్గట్టు ఇవ్వమని రాయాలి.
- పీఎల్‌సీ (మెషిన్‌ను నడిపే కంట్రోలర్), సర్వో మోటారు, సెన్సర్ ఏ కంపెనీవి. తెరమీద భాష ఇంగ్లీషు.

ఫొటోలు, బొమ్మలు జతచేయండి. బొమ్మకు అనువాదంతో పని లేదు.

2. మన వైపు కాగితాలు, మన షెడ్డు దాకా అయ్యే ఖర్చు

దిగుమతికి ఐఈసీ (దిగుమతి, ఎగుమతి కోడ్) నంబరు ఉండాలి. కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు, ఫీజు 500 రూపాయలు. ఏటా ఏప్రిల్, జూన్ మధ్య వివరాలు సరిచూసి అప్‌డేట్ చేయాలి. మరిచిపోతే నంబరు ఆగిపోతుంది, సరుకు పోర్టులో ఉండగా తెలుస్తుంది. బ్యాంకు నుంచి ఏడీ కోడ్ (విదేశీ మారకం వ్యవహారాలకు ఆ శాఖకు ఉండే నంబరు) తీసుకుని కస్టమ్స్‌లో నమోదు చేయించుకోవాలి.

తర్వాత ఒక కస్టమ్స్ బ్రోకర్‌ను మాట్లాడుకోండి. మనకు సరుకు ఎక్కువగా చెన్నై నుంచో విశాఖపట్నం నుంచో వస్తుంది. విజయవాడకు విశాఖ సుమారు 350 కిలోమీటర్లు, చెన్నై సుమారు 450. ఓడలు, లారీ కిరాయి రెండూ చూసి పోర్టు ఎంచుకోండి. బ్రోకర్‌ను మూడు అడగాలి: ఈ సరుకుకు హెచ్ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకు రకాన్ని చెప్పే నంబరు) ఏది, డ్యూటీ ఎంత, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) సర్టిఫికెట్ లాంటి తప్పనిసరి అనుమతులు ఉన్నాయా. ఈ మూడో ప్రశ్న అడ్వాన్స్ వేయకముందే అడగాలి.

లెక్క ఎలా ఉంటుందో చూడండి. డాలరు 90 రూపాయలనీ, బేసిక్ డ్యూటీ 7.5 శాతమనీ అనుకుందాం. మీ రోజున ఉన్న అంకెలు వేసుకోండి.

- మెషిన్ ధర, అక్కడి పోర్టులో ఓడ ఎక్కించే వరకు: 8,000 డాలర్లు
- ఓడ కిరాయి 600, ఇన్సూరెన్స్ 90. మొత్తం 8,690 డాలర్లు, అంటే 7,82,100 రూపాయలు
- బేసిక్ డ్యూటీ 58,658
- దాని మీద 10 శాతం సర్‌ఛార్జి 5,866
- ఈ మొత్తం మీద 18 శాతం ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) 1,52,392

7 లక్షల 20 వేలుగా కనిపించిన మెషిన్ పోర్టు దాటేసరికి సుమారు 10 లక్షలు. పోర్టు ఛార్జీలు, బ్రోకర్ ఫీజు, లారీ, క్రేన్ ఇంకా పైన. ఐజీఎస్టీ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది. జీఎస్టీ కాంపోజిషన్ స్కీములో ఉన్నవాళ్లకు రాదు. ముందుగా అయితే అందరూ చేతి నుంచే కట్టాలి.

3. అవతల ఉన్నది ఫ్యాక్టరీయా, ట్రేడరా

ట్రేడర్ అయితే తప్పేమీ లేదు. చిన్న ఆర్డర్లకు వాళ్లే బాగా చూస్తారు. కానీ ఎవరితో సంతకం చేస్తున్నామో తెలియాలి.

చైనా కంపెనీ అయితే బిజినెస్ లైసెన్స్ కాపీ అడగండి. అందులో 18 అక్షరాల, అంకెల కోడ్ ఒకటి ఉంటుంది. కంపెనీకి చట్టబద్ధమైన పేరు చైనీస్‌లోదే. ఇంగ్లీషు పేరు కార్డు మీద వాడుకోవడానికి పెట్టుకున్నది. కాబట్టి కాంట్రాక్టులో చైనీస్ పేరు, ఆ కోడ్ రెండూ ఉండాలి. లైసెన్స్‌లో “వ్యాపార పరిధి” అనే చోట తయారీ అని ఉందా, అమ్మకం అని మాత్రమే ఉందా చూడండి.

వీడియో కాల్ అడగండి. ముందే టైమిచ్చి పెట్టుకునే కాల్ కంటే, మాట్లాడుతుండగా “ఒకసారి షెడ్డులోకి తీసుకెళ్లండి” అంటే ఎక్కువ తెలుస్తుంది. వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. మనకు పది గంటలంటే వాళ్లకు పన్నెండున్నర, భోజనం వేళ. మన పదకొండున్నర తర్వాత చేయండి.

చైనా వాళ్లు వాడే చాటింగ్ యాప్ వీచాట్ మన దేశంలో 2020 నుంచి నిషేధం, వాట్సాప్ వాళ్ల దేశంలో బ్లాక్. చాటింగ్ ఎందులో చేసినా, ఒప్పుకున్న ప్రతి మాటనూ ఆ సాయంత్రమే ఈమెయిల్‌లో రాసి “సరేనా” అని అడిగి జవాబు తెప్పించుకోండి.

4. బేరంలో ఏది ముందు, ఏది తర్వాత

విజయవాడ బీసెంట్ రోడ్డు బజారులో బేరమాడినట్టు మొదటి మాటలోనే సగానికి అడిగితే ఇక్కడ దెబ్బతింటాం. సరుకు ఇంకా తయారు కాలేదు. మీరు ధర తగ్గించిన ప్రతిసారీ వాళ్లు కాదనరు, షీటు మందం తగ్గుతుంది, మోటారు మారుతుంది. అది మీకు ఆర్నెల్ల తర్వాత తెలుస్తుంది.

ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకోండి. ముగ్గురికీ అదే స్పెసిఫికేషన్, అదే షరతు. ఒకరు ఎఫ్‌ఓబీ, ఇంకొకరు సీఐఎఫ్ ఇస్తే పోల్చలేరు. ఎఫ్‌ఓబీ అంటే వాళ్ల పోర్టులో ఓడ ఎక్కించే వరకు వాళ్ల బాధ్యత. సీఐఎఫ్ అంటే మన పోర్టు వరకు కిరాయి, ఇన్సూరెన్స్ వాళ్లు కడతారు. పోర్టు పేరు, “ఇన్‌కోటర్మ్స్ 2020” (ఈ షరతుల అర్థం తేల్చే అంతర్జాతీయ నియమాలు) అనే మాట పక్కన తప్పక రాయాలి. ఎఫ్‌ఓబీ నింగ్‌బో వేరు, ఎఫ్‌ఓబీ షాంఘై వేరు.

కంటైనర్ నిండని సరుకుకు చవకగా కనిపించే సీఐఎఫ్ ఒప్పుకోకండి. అక్కడ కిరాయి తక్కువ చూపించి, ఇక్కడ దిగాక స్థానిక ఏజెంటు రకరకాల ఛార్జీలు వేసే పద్ధతి ఉంది. ఎఫ్‌ఓబీ తీసుకుని కిరాయి మీరే మాట్లాడుకోండి. “డీడీపీ, డ్యూటీతో సహా మీ గుమ్మం దాకా” అనే మాట ఇంకా ప్రమాదం. సరుకు ఎవరి పేరు మీద వచ్చిందో తెలియదు, మీకు ఐజీఎస్టీ క్రెడిట్ రాదు.

బేరంలో నా వరస ఇది:

1. స్పెసిఫికేషన్‌కు ఒక్కో లైనుకూ “అవును” తెప్పించుకోవడం
2. ట్రయల్ ఎలా చేస్తారు, ఏది పాస్, ఏది ఫెయిల్
3. చెల్లింపు ఎన్ని విడతల్లో
4. తేదీ, ఆలస్యానికి జరిమానా
5. వారంటీ, స్పేర్లు
6. చివరగా ధర

మొదటి కొటేషన్ వచ్చినప్పుడు “ధర గురించి చివర్లో మాట్లాడదాం, ముందు ఇవి తేల్చుకుందాం” అని రాస్తే చాలు. చివరికి వచ్చేసరికి వాళ్లు మీ మీద రెండు వారాల సమయం పెట్టి ఉంటారు. అప్పుడు అడగండి. ధరలో తగ్గకపోతే స్పేర్లు అడగండి. హీటర్లు, థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ), టెంపరేచర్ కంట్రోలర్, కట్టర్ బ్లేడు, బెల్టులు, ఫిల్మ్ మార్క్ చూసే సెన్సర్. 200 డాలర్ల తగ్గింపు కంటే ఆ పెట్టె విలువ ఎక్కువ. సీజన్లో ఒక్క సెన్సర్ పోయి మెషిన్ నాలుగు రోజులు ఆగితే ఎంత నష్టమో మిర్చి వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

5. చెల్లింపు: ఇక్కడ గట్టిగా నిలబడండి

వాళ్లు మామూలుగా అడిగేది 30 శాతం అడ్వాన్స్, 70 శాతం సరుకు పంపేముందు. అంటే మెషిన్ మీరు చూడకముందే మొత్తం డబ్బు వెళ్లిపోతుంది.

మీరు అడగాల్సింది 30, 60, 10. ముప్పై అడ్వాన్స్. అరవై ట్రయల్ పాసయ్యాక, లోడింగ్‌కు ముందు. పది మన షెడ్డులో మెషిన్ తిరిగాక 15 రోజుల్లో. మొదటిసారి “కుదరదు” అంటారు. వెంటనే వదలకండి, ఒక్కో మెట్టు దిగండి:

- పది కాకపోతే ఐదు శాతం మన దగ్గర ఆపడం.
- అదీ కాకపోతే 30, 70 సరే, కానీ ట్రయల్ మీ మనిషి ముందు లేదా ఇన్‌స్పెక్షన్ కంపెనీ ముందు పాసయ్యాకే 70.
- దానితోపాటు రెండో సెట్ స్పేర్లు ఉచితం.

ఇంతకంటే కిందికి దిగవద్దు. ట్రయల్‌కు ఒప్పుకోని వాళ్లను వదిలేయండి, ధర ఎంత తక్కువైనా సరే.

పెద్ద ఆర్డరైతే ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్: సరైన కాగితాలు చూపితే డబ్బు కడతానని మీ బ్యాంకు ఇచ్చే హామీ) ఆలోచించండి. పది లక్షల సరుకుకు బ్యాంకు ఛార్జీలు బరువవుతాయి. ఎల్‌సీలో బ్యాంకు చూసేది కాగితాలనే, సరుకును కాదు. పెట్టెలో రాళ్లున్నా కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు వెళ్తుంది. అందుకే ఎల్‌సీ అడిగే కాగితాల్లో ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్ కూడా చేర్చాలి.

చైనా చట్టంలో ఒక సూక్ష్మం ఉంది. “డింగ్‌జిన్” అని పలికే మాటలు రెండున్నాయి, లిపిలో మొదటి అక్షరం వేరు. ఒకటి పూచీగా ఇచ్చే బయానా: అమ్మేవాళ్లు మాట తప్పితే రెట్టింపు తిరిగివ్వాలి, కాంట్రాక్టు విలువలో 20 శాతం వరకే అది చెల్లుతుంది. ఇంకొకటి మామూలు ముందస్తు చెల్లింపు, దానికి రెట్టింపు నియమం లేదు. చైనీస్ ప్రతిలో ఏ మాట వాడారో చదవగలిగిన వాళ్లతో చూపించుకోండి.

6. కాంట్రాక్టులో మిగతా షరతులు

వాళ్లు పంపే ప్రొఫార్మా ఇన్‌వాయిస్ ఒక పేజీ. అది కాంట్రాక్టు కాదు, బిల్లు. మీ స్పెసిఫికేషన్‌ను దానికి అనుబంధంగా పెట్టి, రెండు భాషల్లో కాంట్రాక్టు రాయించండి. ప్రతి పేజీ మీద కంపెనీ గుండ్రటి ఎర్ర ముద్ర ఉండాలి. అక్కడ సంతకం కంటే ఆ ముద్రకే విలువ.

- తేదీ. “45 రోజులు” అంటే ఎప్పటి నుంచి? అడ్వాన్స్ అందిన రోజు నుంచి అని రాయండి. ఆలస్యానికి వారానికి అర శాతం, గరిష్ఠంగా 5 శాతం అడగండి.
- చైనా కొత్త సంవత్సరం. జనవరి 21, ఫిబ్రవరి 20 మధ్య ఎప్పుడైనా వస్తుంది. పనివాళ్లు వారం పది రోజుల ముందే ఊళ్లకు వెళ్తారు, తిరిగొచ్చి పని గాడిలో పడేసరికి నెల గడుస్తుంది. సంక్రాంతి తర్వాత కొత్త మిర్చి యార్డుకు వచ్చేనాటికి మెషిన్ తిరగాలంటే సెప్టెంబరులోనే సంతకం కావాలి.
- పాస్‌వర్డులు. పీఎల్‌సీ, తెర పాస్‌వర్డులు, ఎలక్ట్రికల్ డ్రాయింగులు ఇవ్వాలి, ఎలాంటి టైమ్ లాక్ ఉండకూడదు. కొందరు తయారీదారులు ఇన్ని రోజుల తర్వాత మెషిన్ ఆగిపోయేలా లాక్ పెడతారు.
- వారంటీ. మెషిన్ తిరగడం మొదలైన రోజు నుంచి 12 నెలలు. ఓడ ఎక్కిన రోజు నుంచి కాదు. పాడైన భాగం ఎన్ని రోజుల్లో పంపాలి, కొరియర్ ఖర్చు ఎవరిది అన్నది కూడా రాయాలి.
- బ్యాంకు ఖాతా. ఖాతా నంబరు కాంట్రాక్టులోనే ఉండాలి. ఈమెయిల్ ద్వారా ఖాతా మార్పు చెల్లదని ఒక వాక్యం రాయండి.
- తగాదా. “విజయవాడ కోర్టు పరిధి” అని రాసి నిశ్చింతగా ఉంటారు చాలామంది. ఇక్కడి డిక్రీని అక్కడ అమలు చేయించడం దాదాపు కుదరని పని. పెద్ద ఆర్డరైతే సింగపూర్ లేదా హాంకాంగ్‌లో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) రాయండి. అలాంటి తీర్పులను ఇతర దేశాల్లో అమలు చేయించే 1958 నాటి న్యూయార్క్ ఒప్పందంలో మన దేశం, చైనా రెండూ ఉన్నాయి కాబట్టి ఆ తీర్పుకు దారి ఉంటుంది. పది లక్షల మెషిన్‌కు ఆ ఖర్చు గిట్టదు. చిన్న ఆర్డర్లకు అమ్మేవాళ్ల ఊరి కోర్టు, వాళ్ల చట్టం, చైనీస్ ప్రతి, ఎర్ర ముద్ర. వినడానికి తలకిందులుగా ఉంటుంది, కానీ వాళ్లు భయపడేది దానికే.

7. డబ్బు పంపే రోజు

డబ్బు మీ కరెంట్ ఖాతా నుంచే వెళ్లాలి. ప్రొఫార్మా ఇన్‌వాయిస్, కాంట్రాక్టు, ఐఈసీ బ్యాంకు అడుగుతుంది. సరుకు వచ్చాక బిల్ ఆఫ్ ఎంట్రీతో (కస్టమ్స్‌లో దాఖలు చేసే దిగుమతి పత్రం) ఆ చెల్లింపును జతచేయించడం మరిచిపోవద్దు, లేకపోతే తర్వాతి చెల్లింపు ఆగుతుంది.

అడ్వాన్స్‌కు ముందు టిక్కు పెట్టుకోండి:

☐ ముద్ర వేసిన స్పెసిఫికేషన్ చేతికి వచ్చింది
☐ ఖాతాదారు పేరు, కాంట్రాక్టులో కంపెనీ పేరు ఒకటే, వ్యక్తి పేరు కాదు
☐ ఖాతా నంబరు వీడియో కాల్‌లో ముఖాముఖి చదివించుకున్నాను
☐ హెచ్ఎస్ కోడ్, డ్యూటీ, అనుమతులు బ్రోకర్ రాసిచ్చారు
☐ ట్రయల్ పద్ధతి కాగితం మీద ఉంది

“ఆడిట్ జరుగుతోంది, ఈసారి వేరే ఖాతాకు వేయండి” అని మెయిల్ వస్తే అది దొంగ మెయిల్ అనే అనుకోండి. వాళ్ల మెయిల్ హ్యాక్ చేసి, పాత సంభాషణ కిందే జవాబు పెడతారు, అందుకే నిజమనిపిస్తుంది. పాత నంబరుకు ఫోన్ చేసి అడగండి. డబ్బు వెళ్లిపోతే ఆ నిమిషమే బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

8. ఫ్యాక్టరీలో ట్రయల్

మీ ఫిల్మ్ రోళ్లు రెండు కొరియర్‌లో పంపండి. వాళ్ల ఫిల్మ్ మీద బాగా పట్టిన సీలు మన ఫిల్మ్ మీద పట్టకపోవచ్చు. కారం పంపడం కష్టం, అక్కడే దొరికే మిరప పొడిని అదే మెత్తదనంలో వాడమనండి. బియ్యప్పిండితో చేసిన ట్రయల్‌ను ఒప్పుకోకండి.

రెండు గంటలు ఆగకుండా నడపాలి. 50 పౌచ్‌లు ఏరి తూకం వేయాలి, నీళ్ల బకెట్‌లో ముంచి నొక్కి బుడగలు చూడాలి. వీడియో కట్ చేయకుండా ఉండాలి.

వెళ్లలేకపోతే ఎస్‌జీఎస్, బ్యూరో వెరిటాస్, ఇంటర్‌టెక్ లాంటి ఇన్‌స్పెక్షన్ సంస్థలున్నాయి. మనిషిని మీరే పెట్టుకోవాలి, ఫీజు మీరే కట్టాలి. వేల సంఖ్యలో భాగాలు కొంటుంటే ఏక్యూఎల్ (కొన్ని పీసులు తీసి చూసి, ఒప్పుకోదగ్గ లోపాల హద్దు పెట్టే) పద్ధతి రాయండి. ఉదాహరణకు 1,000 పీసుల లాటులో 80 తీసి చూస్తారు, ఏక్యూఎల్ 2.5 అయితే 5 లోపాల వరకు పాస్, 6 అయితే ఫెయిల్.

9. లోడింగ్, కాగితాలు

బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఎక్కించుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం) డ్రాఫ్ట్‌ను ఫైనల్ చేయకముందే తెప్పించుకుని బ్రోకర్‌కు చూపించండి. పేరులో ఒక్క అక్షరం తప్పినా సవరణకు డబ్బు, రోజులు రెండూ పోతాయి. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు బరువులు దానితో సరిపోవాలి. చెక్క పెట్టె మీద ఐఎస్‌పీఎం-15 ముద్ర (చెక్కకు పురుగు పట్టకుండా శుద్ధి చేశారనే గుర్తు) ఫొటో అడగండి. ఇన్సూరెన్స్ మీరే తీసుకోండి, వాళ్ల గోడౌన్ నుంచి మీ గోడౌన్ దాకా.

“డ్యూటీ మిగులుతుంది, ఇన్‌వాయిస్ తక్కువకు రాస్తాం” అని వాళ్లే అంటారు. వద్దని గట్టిగా చెప్పండి. కస్టమ్స్ జరిమానా ఒకటి. సరుకు మునిగితే ఇన్సూరెన్స్ ఆ తక్కువ ధరకే వస్తుంది. బ్యాంకు నుంచి వెళ్లిన డబ్బుకూ బిల్లుకూ పొంతన ఉండదు.

10. పెట్టె విప్పే రోజు

లారీ మీద ఉండగానే పెట్టె నాలుగు వైపులా ఫొటోలు తీయండి. దెబ్బ కనిపిస్తే డెలివరీ కాగితం మీద రాసి సంతకం చేయండి, ఇన్సూరెన్స్ వాళ్లకు ఆ రోజే చెప్పండి. మేకులు పీకే ముందు వీడియో మొదలుపెట్టి, చివరి స్పేరు లెక్కపెట్టే దాకా ఆపకండి.

11. తప్పు జరిగిపోతే

*అడ్వాన్స్ వేశాక స్పెసిఫికేషన్ లేదని గుర్తొచ్చింది.* 70 శాతం ఇంకా మీ దగ్గరే ఉంది. ఇవాళే కాగితం రాసి పంపండి, వాళ్లు ముద్ర వేసి తిరిగి పంపితేనే మిగతా డబ్బు అని చెప్పండి.

*తేదీ దాటుతోంది.* ఫోన్లో టెన్షన్ పడి లాభం లేదు. వారానికోసారి ఫ్రేము, ప్యానెల్, అసెంబ్లీ ఫొటోలు అడగండి. ఫ్రేమే లేకపోతే పని మొదలే కాలేదని అర్థం.

*సీలు లీకవుతోంది, మొత్తం కట్టేశాం.* కోపంగా రాయకండి. టెంపరేచర్, వేగం, ఫిల్మ్ మందం కనిపించేలా ఒక నిమిషం వీడియో తీసి పంపండి, కాంట్రాక్టులోని షరతు నంబరు చెప్పండి. వాళ్ల ఇంజినీరుతో వీడియో కాల్ అడగండి. అమ్మకాల మనిషి దగ్గర నాన్చే మాటే దొరుకుతుంది, ఇంజినీరు చాలాసార్లు పావుగంటలో సరిచేస్తాడు. తర్వాతి ఆర్డర్ గురించి అప్పుడే ఒక మాట వేయండి, జవాబులు త్వరగా వస్తాయి.